గంప కింది కొట్లాట

మా ఊళ్ళో కొట్లాట మధ్యలో పని పడితే గంప బోర్లించేవారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళు వీధిలో నిలబడి ఒకరి ఏడు తరాలను ఇంకొకరు తవ్వి పోస్తూ ఉంటారు. అంతలో పొయ్యి మీద సంగటి ఎసరు పొంగుతుంది, లేదా కొళాయికి నీళ్ళు వస్తాయి. అప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంట్లోంచి గంప తెచ్చి, తాము నిలబడిన చోట బోర్లించి, "ఉండు, వస్తా" అని పోతారు. కొట్లాట గంప కింద ఉంటుంది. పని అయ్యాక గంప ఎత్తి, ఎక్కడ వదిలారో అక్కడినుంచే అందుకుంటారు. ఒక్క తిట్టు కూడా వృథా పోదు.

గంప బోర్లబడి ఉన్నన్నాళ్ళూ ఆ రెండిళ్ళ మధ్య నిప్పు, నీళ్ళు, ఎద్దు కదలకూడదు. మిగిలింది తిట్టేసుకుని గంపను వెల్లకిలా తిప్పితే అన్నీ మామూలే. ఇంకో దారి కూడా ఉంది. ఆ ఇద్దరూ ఒకే పక్క నిలబడి మూడో మనిషిని తిడితే, వాళ్ళ మధ్యనున్న గంప చెల్లదు. కానీ అది అరుదు. ఎట్లా చూసినా రెండు మూడు దినాలకు మించి ఏ గంపా బోర్లబడి ఉండదు. గంపతో పని ఉంటుంది కదా. పెంట మోయాలి.

ఆ ఎండాకాలం చివర్లో మా కోడి పోయి సుంకమ్మ గడ్డివామిలో గుడ్లు పెట్టింది. సుంకమ్మ అంటే మా పక్కింటి గంగాద్రి పెళ్ళాం. కోడి మాది. వామి వాళ్ళది. గుడ్డు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నా పెళ్ళాం కదిరమ్మకు మాత్రం తెలుసు. సుంకమ్మకు ఇంకా బాగా తెలుసు.

"వదినా, కోడిని కట్టేసుకోల్యాకపోతే కోడెందుకు సాకల్ల? మా గడ్డంతా చెరిగి పెట్టింది."

"నీ గడ్డి చెరగొద్దంటే నా కోడికి చెప్పు. గుడ్లు మాత్రం చెప్పకుండానే ఎత్తుకుంటివే!"

అక్కడినుంచి మాట మా నాయన దాకా వచ్చింది. అక్కడినుంచి సుంకమ్మ మేనత్త దాకా పోయింది. అప్పుడు ఎసరు పొంగింది. కదిరమ్మ మా పాత పెంటగంప తెచ్చి నడివీధిలో బోర్లించి లోపలికి పోయింది. ఆ గంపకు ఒక పక్క అంచు విరిగి, పిల్లి దూరేంత సందు ఉంది. అయినా కొట్లాటను మూయడానికి చాలు.

మర్నాడు పొద్దునే ఎత్తేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ సాయంత్రమే జీపు వచ్చింది.

ఆ ఏడు పైనుంచి ఏదో పిలుపు వచ్చిందట. విశ్లేషణ జరగని పల్లె ఉండకూడదని. మా చుట్టుపక్కల అప్పటికే చాలా జరిగింది. పక్కూరి దారిలో గుంతలు ఒక శాఖ విశ్లేషణలో ఉన్నాయి కాబట్టి వాటిని పూడ్చడం లేదు. దాని అవతలి ఊళ్ళో దోమలు ఇంకో శాఖవి కాబట్టి వాటిని చంపడం లేదు. మా ఊరికి గ్రామీణ విషయ విశ్లేషణ సంస్థ అనేది ఆలస్యంగా వచ్చింది. వాళ్ళకు ఏమీ మిగల్లేదు.

జీపులోంచి దిగినాయన పేరు శశిభూషణ్. సహాయ విశ్లేషకుడు. సన్నగా, ఎండకు వాడిన ఆకులాగా ఉన్నాడు. ఊరంతా తిరిగి నీరసంగా మా వీధికి వచ్చి, గంప ముందు ఆగాడు.

"ఈ గంప నడివీధిలో బోర్లించబడి ఉండుటకు కారణమేమి?"

"కింద కొట్లాట ఉంది సార్," అన్నాను.

"ఎవరిది?"

"మా ఇంటామెదీ, ఆ పక్కింటామెదీ."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి పెట్టి విన్నాడు. వాసన చూశాడు. లేచేసరికి మొహంలో కళ వచ్చింది.

"దీనిని ఇంతకుముందు ఎవరైనా విశ్లేషించారా?"

"లేదు సార్. తిట్టుకున్నారు, అంతే."

ఆయన జీపులోంచి తాడు తెచ్చి గంప చుట్టూ కట్టాడు. మేకులు తనే కొట్టుకున్నాడు. ఒక పలక కూడా పాతాడు. 'విశ్లేషణాంశము. తాకరాదు. కదల్చరాదు. ముగించరాదు.'

మర్నాడు పొద్దునే కదిరమ్మ కొప్పు బిగించుకుని, చెంగు నడుముకు దోపుకుని బయటికి వచ్చింది. సుంకమ్మ అప్పటికే తన గడపలో సిద్ధంగా ఉంది. మేనత్త దగ్గర ఆగింది కాబట్టి ఆమెకు రాత్రంతా మంచి మంచి మాటలు తట్టి ఉంటాయి. కదిరమ్మ తాడు దాటి గంప మీద చెయ్యి వేసేలోగా శశిభూషణ్ పరుగున వచ్చాడు.

"అమ్మా, ఆగండి! ఆ కొట్లాట ఇప్పుడు మీది కాదు."

"మా కొట్లాట మాది గాకపోతే ఇంగెవురిది?"

"ఇకమీదట అది విషయం. మీరు సంబంధిత వ్యక్తి."

"సంబంధమే గదా నేను జెప్పేది! నిన్న వాళ్ళ మేనత్త కాడ ఇడిస్తిమి. ఇంగ కొంచెమే ఉండాది. అరగంట ఇయ్యి, అయిపోతాది."

"అయిపోకూడదనే కదమ్మా మా విజ్ఞప్తి!"

సుంకమ్మ గడపలోంచి కేకేసింది. "సారూ, ఆయమ్మ మాట ఇనొద్దు. కానీ ఎత్తనియ్యి. నేను అనాల్సింది నా కడుపులో నిలవడంల్యా."

"అది కడుపులోనే ఉండనివ్వండి. అక్కడ దాని సహజ స్థితి చెడదు," అన్నాడాయన.

ఆ వారం డైరెక్టరు మార్తాండరావు గారు వచ్చారు. మెత్తటి మనిషి. గొంతు కూడా మెత్తన. గంప చుట్టూ ప్రదక్షిణం చేసి, మమ్మల్ని నిలబెట్టి మాట్లాడారు.

"మీకు ఒక సంగతి బోధపడాలి. నిన్నటివరకు ఇది కేవలం కొట్లాట. ప్రతి పల్లెలోనూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మేము చూశాము కాబట్టి ఇది విషయమైంది. విషయమైన తర్వాత దానికి ఒక గౌరవం వస్తుంది. దానికి పుట్టుక ఉంటుంది, నిర్మాణం ఉంటుంది, అంతస్సారం ఉంటుంది. దాని యజమానులు మీరేనని మీరు పొరబడవచ్చు. గురువిందకు తన నలుపు తెలియనట్లే, కొట్లాడే వారికి కొట్లాట తెలియదు."

గంగాద్రి మెల్లగా అడిగాడు. "అయ్యా, ఎప్పుడు ఎత్తచ్చు?"

"పూర్తి అయిన తర్వాత."

"కొట్లాట పూర్తయినాకనా?"

"విశ్లేషణ పూర్తి అయిన తర్వాత. ముగిసిపోయిన కొట్లాటను పరిశీలిస్తే అది చరిత్ర అవుతుంది. చరిత్రకు వేరే శాఖ ఉంది. వారికీ మాకూ మాటల్లేవు."

గంగాద్రి నా వైపు చూశాడు. నేను గంగాద్రి వైపు చూశాను. మా ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే. ఎద్దులు.

మాకు ఒక ఎద్దు, వాళ్ళకు ఒక ఎద్దు. కాడికి మాది ఎలపట పక్క, వాళ్ళది దాపట పక్క. మా నాయన కాలం నుంచీ రెండిళ్ళూ ఒక కాడి. దుక్కి వాళ్ళ చేను ఒక రోజు, మా చేను ఒక రోజు. మా చేన్లు గుట్టవాలు మీద, రాళ్ళ మధ్య. ట్రాక్టరు అక్కడికి ఎక్కదు. ఆరుద్ర కార్తెలో వాన పడితే, ఆ పదును ఆరకముందే గొర్రు కట్టి వేరుశనగ విత్తాలి. ఆ రెండు పూటలూ ఊళ్ళో ఎవరి ఎద్దులు వాళ్ళకే చాలవు, అరువు పుట్టదు. గంప ఎత్తకుండా రెండిళ్ళ ఎద్దులనూ ఒక కాడికి కడితే కాడి విరుగుతుందని ఊళ్ళో మాట. అది నిజమా అంటే చెప్పలేను. విరగ్గొట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

దుక్కి అప్పటికే అయింది. వాన రావాలి. గంప లేవాలి. రెండూ మా చేతిలో లేవు. ఇంతకుముందు ఒకటే లేకుండేది.

తర్వాత పని జోరందుకుంది. గంపకు ఎండ తగిలితే విషయం ముదురుతుందని మూడు పక్కలా రేకులు కట్టి, పైన కప్పు వేశారు. ముందువైపు తెరిచి కుర్చీలు వేసుకున్నారు. పోల్చడానికి ఇంకో గంప కావాలన్నారు. కొత్త గంప తెప్పించి, మా గంపకు కొంచెం అవతల బోర్లించి, కింద ఏమీ లేదని ధ్రువీకరించి, దానికీ తాడు కట్టారు. దాని పేరు శూన్య గంప. దాని దగ్గర కూర్చోవడానికి వేరే మనిషి. ఏమీ లేనిచోట ఏమి జరగలేదో ఆయన రాసేవాడు. పని ఎక్కువగా ఉండేది పాపం.

కాపలాకు మా ఊరి దాదాపీరును పెట్టుకున్నారు. మేకలు కాసుకునేవాడు, నోరున్నవాడు. గంపనేమి కాయాలో వాడికి అర్థం కాలేదు.

"సార్, ఇది పారిపోతాదా?"

"ఎవరూ దగ్గరికి రాకుండా చూడు."

"ఎవురొస్తారు సార్? ఊళ్ళో ఎవురి కొట్లాట వాళ్ళకుండాది."

ఆడవాళ్ళిద్దరినీ రోజూ కుర్చీలో కూర్చోబెట్టి చేతికి కోపం కొలిచే పట్టీ చుట్టి ప్రశ్నలు వేసేవారు. కదిరమ్మను శశిభూషణ్ అడుగుతుంటే నేను గోడవార నిలబడి విన్నాను.

"గుడ్డు చూసిన క్షణాన మీ కోపం శరీరంలో ఏ భాగాన మొదలైంది?"

"కోపానికి మోకాలు, మోచెయ్యి ఉంటాయా సారూ?"

"గుర్తు చేసుకోండి. మొదట గుడ్డు మీద కోపమా, కోడి మీదా, ఆమె మీదా?"

కదిరమ్మ ఆలోచించింది. ఆమె ఆలోచించడం నేను అదే చూడటం. "మొదట... గుడ్డు మీద అనుకుంటా. కాదు, పొద్దున నీళ్ళు రాల్యా. దాని మీద."

"మరి సుంకమ్మ గారి మీద ఎప్పుడు వచ్చింది?"

"ఆయమ్మ ఎదురుగా ఉన్నింది గదా సార్. ఎవురి మీదికో ఒకరి మీదికి రావల్ల."

ఆ మాట రాసుకుని మర్నాడు మళ్ళీ అదే అడిగారు. ఆ మర్నాడూ అదే. అటుపక్క సుంకమ్మకూ అంతే. అడగ్గా అడగ్గా ఇద్దరి కోపమూ చప్పబడింది. నమిలి నమిలి చెరుకుపిప్పి చేసినట్టు చేశారు. ఒకరోజు సుంకమ్మ వాకిలి ఊడుస్తూ, పట్టీ చుట్టుకుని కూర్చున్న కదిరమ్మను చూసి పక్కుమని నవ్వింది. కదిరమ్మ కూడా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే రెండిళ్ళకూ నోటీసు వచ్చింది. సంబంధిత వ్యక్తులు పూర్వానుమతి లేకుండా నవ్వుట ద్వారా విషయము యొక్క సమగ్రతకు భంగము కలిగించినారు. ఇకమీదట ప్రతి ఉదయమూ వీధిలోకి వచ్చి ఒకరినొకరు చూసి మొహము త్రిప్పుకొనవలెను.

ఆ సాయంత్రం కదిరమ్మ అద్దం ముందు నిలబడి అడిగింది. "యోవ్, నా మొగంలో కోపం కనపడ్తాందా?"

"లేదు."

"మరెట్ల? పొద్దున సార్లొస్తారు."

"నన్ను తలచుకో," అన్నాను.

అది పనిచేసింది. మర్నాడు శశిభూషణ్ ఎంతో మెచ్చుకున్నాడు.

ఈలోగా మా కోడి. వామి చుట్టూ కూడా తాడు కట్టి, దగ్గరికి పోతే తరిమేవారు కాబట్టి దానికి గుడ్లు పెట్టే చోటు లేకపోయింది. రేకుల వెనకనుంచి సందు చేసుకుని, మా గంప విరిగిన అంచులోంచి లోపలికి దూరింది. చల్లగా, చీకటిగా, కావలి కూడా ఉన్న చోటు. అక్కడే గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. ఊరందరికీ తెలుసు. తాడు ఇవతలినుంచి చూసేవాళ్ళకు గంప ముందు భాగమే కనిపిస్తుంది కాబట్టి సంస్థకు తెలియదు.

పొదిగే కోడి అప్పుడప్పుడు గుర్రుమంటుంది. శశిభూషణ్ చెవులకు యంత్రం తగిలించుకుని ఆ చప్పుడు విని, డైరెక్టరుకు కబురు పంపాడు. ఆయన వచ్చి విని కళ్ళు మూసుకున్నారు.

"అణచబడిన ఆగ్రహం," అన్నారు.

దాదాపీరు వెనకనుంచి అన్నాడు. "కోడి సార్ అది. ఓబన్న కోడి."

ఓబన్న అంటే నేను.

"నీ హోదా ఏమిటి?" అన్నారు డైరెక్టరు గారు.

"కావలి సార్."

"కావలివానికి కాయుట విధి. పరిశీలించుట విధి కాదు. శశిభూషణ్, దీనిని స్థానికాభిప్రాయం కింద వేయండి."

స్థానికాభిప్రాయం కింద వేస్తే ఏమవుతుందని దాదాపీరు నన్ను అడిగాడు. పెంట కింద వేస్తే ఏమవుతుందో అదే అన్నాను. కాదన్నాడు వాడు. పెంట కింద వేస్తే చేనికన్నా పనికొస్తుంది.

గుడ్లు చిట్లి పిల్లలు కీచుకీచుమన్న రోజున సంస్థలో పండగ. కొట్లాట విభజన చెందుతున్నదని, ఒక కొట్లాట నుంచి పెక్కు కొట్లాటలు ఉద్భవించే ఘడియను ప్రపంచంలో మొదటిసారి తాము విన్నామని డైరెక్టరు గారు ప్రకటించారు. పెద్ద పెద్ద వాళ్ళను పిలిచి గంప స్వరం వినిపించాలని సదస్సు పెట్టారు. మా వీధికి షామియానా వేశారు. మైకు గంప దగ్గర పెట్టారు. మా ఇంట్లోకి మేము పెరటివైపు నుంచి దూరి పోయేవాళ్ళం.

ఆ సదస్సు రోజు తెల్లవారుజామున వాన పడింది.

మంచి వాన. దుక్కిలోకి ఇంకి, అడుగు లోతుకు దిగిన వాన. పొద్దు పొడిచేసరికి ఊరంతా గొర్రులు భుజాన వేసుకుని పోతోంది. ఎద్దుల గంటలు గుట్టవైపు సాగిపోతున్నాయి. మా ఎద్దు కొట్టంలో గాటిపాట దగ్గర నిలబడి ఆ గంటలు విని అరిచింది. వాళ్ళ ఎద్దు గోడ అవతలినుంచి జవాబు చెప్పింది. నేను నా గడపలో, గంగాద్రి తన గడపలో.

"బావా, ఎండ జూస్తివా? ఎట్లుండాదో," అన్నాడు గంగాద్రి. "రేపటికి పదును నిలవదు."

"నిలవదు," అన్నాను.

విత్తనం కాయలు ఒలిచి పెట్టుకుని ఉన్నాం. కదిరమ్మ ఆ విత్తనాల చేట వైపు చూసి, లేచి బయటికి పోయింది. అదే సమయానికి సుంకమ్మ కూడా లేచింది. ఇద్దరూ షామియానా కిందికి చెరో పక్కనుంచి వచ్చారు. నేనూ గంగాద్రీ వెనక నిలబడ్డాం. కుర్చీల నిండా పెద్దలు. డైరెక్టరు గారు మైకు ముందు 'అంతస్సారం' అనే మాట మధ్యలో ఉన్నారు.

"సారూ, వాన పడింది," అంది కదిరమ్మ.

"గమనించాము. కప్పు కారలేదు."

"మా ఎద్దుల్ని కట్టుకోవల్ల. ఆ గంప ఎత్తియ్యి. మాకు కొట్లాట ఒద్దు, ఏమొద్దు. గుడ్లు గూడ ఆయమ్మవే అనుకో."

"నాకొద్దులే వదినా గుడ్లు," అంది సుంకమ్మ. "సారూ, తిప్పియ్యి సారూ గంపను. ఒక్క చిటికె పని."

డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. కానీ గొంతు పెంచలేదు. "ఇంతమంది పెద్దల సమక్షంలో మీరిట్లా రాజీ పడటం భావ్యం కాదు. దయచేసి విభేదించండి."

"అదును పోతాది సారూ!"

"వాన ప్రతి సంవత్సరం వస్తుంది. ఇటువంటి విషయం మళ్ళీ దొరకదు."

సుంకమ్మ ఒక నిమిషం ఆయన మొహంలోకి చూసింది. "వాన ప్రతి సమ్మచ్చరం వస్తాదని నీకెవురు జెప్పినారు సార్?"

కుర్చీల్లో ఒకాయన దగ్గాడు. డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "చూడండి, మీ నష్టాన్ని మేము విస్మరించము. ఈ ఏడు మీ చేన్లు బీడు పడితే, ఆ బీడును కూడా విశ్లేషణలో చేరుస్తాము. విత్తబడని చేను. ఆలోచిస్తే, అది ఇంకా మంచి విషయం."

కదిరమ్మ సుంకమ్మ వైపు చూసింది. సుంకమ్మ కదిరమ్మ వైపు చూసింది. సుంకమ్మ నాలుగడుగులు వేసి కదిరమ్మ పక్కకు వచ్చి నిలబడింది. చెంగులు దోపుకున్నారు. గంగాద్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ విషయాన్ని కుక్కలెత్తకపోను!" అంది కదిరమ్మ.

"నీ కాగితాలకు చెదలు బట్ట! నీ గొంతులో జొన్నకంకి అడ్డం పడ!"

"బీడంటాడే బీడు! నీ నెత్తిమీద మొలిచినాదిరా బీడు! నువ్వు తినే కూడు ఎవురు విత్తితే వచ్చింది రా?"

"నీ మేనత్త కూడా విషయమేనేమో, తీసకరా, తాడు కట్టి కూకోబెడ్తాము!"

ఎన్నో దినాలుగా కడుపులో నిలవ ఉన్న మాటలు. ఒకరికి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకున్నారు. మేనత్త దగ్గర ఆగింది మేనత్త దగ్గరే మొదలైంది, ఇంటిపేరు మాత్రం మారింది. మైకు పనిచేస్తూనే ఉంది. గుట్ట మీద విత్తుతున్నవాళ్ళు కూడా విన్నామని తర్వాత చెప్పారు.

ఆకాశంలో ఎండ చుర్రుమంది. సుంకమ్మ సూర్యుణ్ణి చూసి ఆగింది.

"నీతో మాట్లాడ్డానికి పొద్దు ల్యా. చేనికి పోవల్ల," అని, శూన్య గంపను ఎత్తి తెచ్చి, డైరెక్టరు గారి కాళ్ళ ముందు బోర్లించింది.

"ఉండు, వస్తాము," అంది కదిరమ్మ.

శూన్య గంప దగ్గర రాసేవాడు కలం పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. పాపం, ఆయన ఉద్యోగం పోయింది. శశిభూషణ్ మాత్రం తాడు తీసుకుని పరుగెత్తాడు.

"సార్! కదలకండి సార్! సజీవ విషయం! మొదటి తిట్టు నుంచి గంప వరకు మన కళ్ళముందే పుట్టింది!"

"శశిభూషణ్, ఈ గంప తీసివేయించు," అన్నారు డైరెక్టరు గారు.

శశిభూషణ్ ఆయన చుట్టూ కూడా తాడు కట్టి మేకు కొట్టాడు. "తాకరాదు సార్. నిబంధన తమరిదే."

"నేను చెబుతున్నాను కదయ్యా!"

"మీరు సంబంధిత వ్యక్తి సార్. తమరి మాట స్థానికాభిప్రాయం."

కుర్చీల్లోని పెద్దలు లేచి ముందుకు వచ్చి, ఆయన చుట్టూ నిలబడి, వంగి చూడటం మొదలుపెట్టారు. ఒకాయన జేబులోంచి కలం తీశాడు. ఇంకొకాయన, కోపం ఏ భాగాన మొదలైందని అడిగాడు. పట్టీ తెచ్చి చేతికి చుట్టారు. అందరి వీపులూ ఇటువైపే ఉన్నాయి కాబట్టి, పాత గంప విరిగిన అంచులోంచి మా కోడి పిల్లల్ని వెంటేసుకుని బయటికి వచ్చి, మైకు తీగ దాటి, మా పెరట్లోకి పోవడం ఎవరూ చూడలేదు. దాదాపీరు చూశాడు. కానీ పరిశీలించుట వాడి విధి కాదు.

ఒకే పక్క నిలబడి మూడోవాణ్ణి తిట్టిన తర్వాత పాత గంప చెల్లదు. ఎవరినీ అడగాల్సిన పని లేదు. గంగాద్రి ఎద్దును విప్పుకొచ్చాడు. మా ఎద్దు తానే వచ్చి కాడి కింద మెడ పెట్టింది. ముందు వాళ్ళ చేను, తర్వాత మాది. ఆడవాళ్ళిద్దరూ గొర్రు వెనక విత్తనాలు వదులుతూ నడిచారు. ఒక్క మాట లేదు. నోళ్ళు అలసిపోయి ఉన్నాయి. మా చేని చివరి సాలు వేసేటప్పటికి పైమన్ను తెల్లబడుతోంది. సాళ్ళలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

పొద్దు వాలే వేళకు ఊళ్ళోకి వచ్చాం. షామియానా అట్లాగే ఉంది. డైరెక్టరు గారు తాటి మట్టలాగా వాలిపోయి కుర్చీలో ఉన్నారు. చుట్టూ ఇంకా రాస్తున్నారు. మమ్మల్ని చూసి ఆయన చెయ్యెత్తారు.

"అమ్మా, కొంచెం మంచినీళ్ళు."

కదిరమ్మ చెంబు తేబోయి ఆగింది. దాదాపీరు అడ్డం వచ్చాడు. "ఇయ్యకూడదు వదినా. దాహం సహజంగా ఉండల్లంట."

"గంప గూడ ఉండాది గదా," అంది సుంకమ్మ. "మనమూ ఇయ్యగూడదు."

మా ఊరి కట్టూ, సంస్థ నిబంధనా ఒక్కటైనది ఆ ఒక్క చోటే.

"నేను డైరెక్టర్నమ్మా!" అన్నారాయన. మెత్తటి గొంతు గరగరలాడింది. "నేను మనిషినమ్మా!"

"మేమూ అదే చెప్తిమి సారూ," అంది కదిరమ్మ. తర్వాత వంగి ఆ గంపను వెల్లకిలా తిప్పింది. చెంబెడు నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగుతుంటే శశిభూషణ్ తల పట్టుకుని ఏడ్చాడు. విషయం చెడిపోయిందట.

వాళ్ళు పోయారు. రేకులు ఎవరో ఎత్తుకుపోయారు. వేరుశనగ మొలిచింది. కొన్నాళ్ళకు సంస్థ పుస్తకం ఒకటి వచ్చిందని, మా ఊరి ప్రస్తావన ఉందని స్కూలు పంతులు చదివి చెప్పాడు. ఆ ప్రాంతమున గంప బోర్లించు ఆచారము ఇటీవల పూర్తిగా అంతరించినదట. అంతరించుటకు కారణములు తెలియరాలేదట. విశ్లేషించవలసి యున్నదట.

అంతరించిన మాట నిజమే. వాళ్ళు పోయిన కొత్తలోనే కోడిపిల్లలు ఎవరివన్న మాట వచ్చింది. కోడి మాది కాబట్టి పిల్లలు తమవని కదిరమ్మ. కోడి పొదిగింది వీధిలో కాబట్టి సగం తమవని సుంకమ్మ. మాట మంచి చోట ఉండగా లోపల ఎసరు పొంగింది. కదిరమ్మ గంప మీద చెయ్యి వేసింది. జీపు ఏమైనా వస్తోందేమోనని వీధి ఆ కొసకు చూసింది, ఈ కొసకు చూసింది. చెయ్యి తీసేసింది. ఇద్దరూ గొంతు తగ్గించుకుని, అక్కడికక్కడే ముగించేసుకున్నారు. ఆలస్యమైంది.

ఆ రోజు సంగటి మాడింది. తిన్నాను.